క్షిపణి కంటికి తీగ చుట్టిన సక్కుబాయి

సక్కుబాయి మా దగ్గర పనికి చేరింది 1997 వానాకాలంలో. మా దగ్గర అంటే మదీనాగూడలో, బొంబాయి రోడ్డు నుంచి దిగే ఒక సందు చివర ఉన్న రేకుల షెడ్డులో. బయట బోర్డు మీద ఏదో ఎలక్ట్రానిక్స్ అని మాత్రమే ఉండేది. లోపల ఒక మూల అద్దాల గది, దానికి ఏసీ. ఆ గదిలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని తల వెంట్రుక కంటే సన్నని రాగి తీగను గోళీకాయంత బాబిన్ల మీద చుట్టేవారు. నేను రాజమండ్రిలో డిప్లొమా చదివి, అంతకు ఆరు నెలల ముందే అక్కడ క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మెడలో భూతద్దం వేలాడేసుకుని తిరగడం గొప్పగా ఉండేది.

షెడ్డు యజమాని సోమేశ్వరరావుగారు. కాకినాడ మనిషి. ప్రభుత్వ పరిశోధనశాలలో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యి, అదే పరిశోధనశాలకు చిన్న చిన్న భాగాలు చేసిచ్చే ఈ పని పెట్టుకున్నారు. కొత్తగా ఎవరు వచ్చినా ఆయన ఒకటే పరీక్ష పెట్టేవారు. తీగ రీలు, ఖాళీ బాబిన్ చేతికిచ్చి రెండు వందల చుట్లు చుట్టమనేవారు. ఎక్కువమందికి పాతిక చుట్లకే తీగ పుటుక్కున తెగేది.

సక్కుబాయి తీగను వెంటనే చుట్టే చేతి యంత్రానికి తగిలించలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని, మూరెడు పొడవు మెల్లగా జార్చింది. తర్వాత కూర్చుని, పిడి తిప్పుతూ, ఒక్కసారి కూడా తెగకుండా రెండు వందలూ చుట్టేసింది. చుట్లన్నీ పక్కపక్కనే, పలకమీద గీసిన గీతల్లా ఉన్నాయి.

"ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా?" అన్నారు సోమేశ్వరరావుగారు.

"ఏడ చెయ్యలే సార్. మాది దుబ్బాక. మా నాయన మగ్గం నేసేటోడు. చిన్నప్పటి సంది కండెలు చుట్టిన. గదొక్కటే నేర్చిన."

మగ్గాలు నడవక వాళ్లు ఊరు వదిలారు. భర్త ఎల్లేశం కరెంటు స్తంభాలు పాతి తీగలు లాగే కాంట్రాక్టరు దగ్గర కూలి. ఇద్దరూ లింగంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆమెకు ముప్పై నాలుగేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేది.

పని ఖాయమైందని చెప్పాక అందరూ అడిగేది జీతం ఎప్పుడిస్తారని. ఆమె వేరేది అడిగింది.

"ఇది ఏడికి పోతది సార్?"

"ఒక యంత్రంలోకి పోతుందమ్మా."

"ఏం యంత్రం?"

"పెద్ద యంత్రం. అదంతా నీకెందుకు?"

"ఎందుకంటే, మా నాయన కండె చుట్టమన్నప్పుడు ఇది చీరకా, తువ్వాలకా చెప్పేటోడు సార్. చీరకైతే ఒక తీరు చుడ్తం, తువ్వాలకైతే ఒక తీరు చుడ్తం. ఎర్క లేకుంట చుడితె చెయ్యికి తెల్వది."

ఆయన నవ్వి ఊరుకున్నారు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ పని వివరాలు బయట మాట్లాడబోమని ఆయనా, నేనూ కాగితాల మీద సంతకాలు చేశాం. నిజానికి నాకూ అంతగా తెలియదు. నా దగ్గరున్న డ్రాయింగు మీద ఒక మూల 'సీకర్' అన్న మాట ఉండేది. అంటే వెతికేది. దేన్ని వెతుకుతుందో నేను అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

సక్కుబాయి మాత్రం ఊరుకోలేదు. ఎవరినీ విసిగించకుండా, తన కంటికి కనిపించిన ముక్కల్నే ఏరుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు నాకు చెప్పేది.

"ఫ్యాన్ల పెట్టేది కాదు మేడం. ఫ్యాన్ తీగ దొడ్డుగుంటది, మా ఇంటాయన చూపిచ్చిండు."

ఇంకోరోజు, "గడియారంల పెట్టేది గూడ కాదు. గడియారాలు జీపుల తీస్కపోరు గద" అంది. నెలకోసారి ప్రభుత్వ నంబరున్న జీపు వచ్చి మేం చుట్టిన బాబిన్లను, అంటే చుట్టలను, పట్టుకెళ్లేది. కోడిగుడ్ల కోసం చేసినట్టుగా గుంటలున్న మెత్తటి పెట్టెలో, ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టేవాళ్లం. పెట్టె మీద అంకెలే తప్ప పేరుండేది కాదు.

సంక్రాంతి దాటాక ఒకరోజు నాలుగు బాబిన్లను బల్లమీద గుండ్రంగా పేర్చి నన్ను పిలిచింది. ఒక్కోటి కొంచెం వంపుగా ఉండటం వల్ల నాలుగూ కలిసి ఉంగరంలా కుదిరాయి. మధ్యలో రూపాయి బిళ్లంత ఖాళీ మిగిలింది.

"ఈ నడుమ ఏదో ఉంటది మేడం. తిరిగేది. గుండ్రంగ తిరిగేది కాకుంటె గిట్ల వంపు ఎందుకు పెడ్తరు?"

నేను మళ్లీ డ్రాయింగు తీసి చూశాను. అది ఒక్క చుట్ట డ్రాయింగే. నాలుగు కలిపితే ఏమవుతుందో అందులో లేదు. ఏడాదిగా అదే బాబిన్‌ను భూతద్దంతో చూస్తున్న నాకు ఆ వంపు ఎందుకన్న ప్రశ్నే తట్టలేదు.

ఆ ఫిబ్రవరిలో నేను ఒక మార్పు చేశాను. చుట్టడం అయిపోయాక తీగ కొనను తీసుకొచ్చి బాబిన్ అంచునున్న చిన్న మేకుకు సోల్డర్ చేసి అతకాలి. పాతవాళ్లంతా ఆ కొనను కొంచెం వదులుగా వదిలేవారు. భూతద్దంలో అది వంకరటింకరగా కనిపించేది. డ్రాయింగులో తిన్నని గీత ఉంది. ఇకమీద తీగ తిన్నగా, బిగువుగా లాగి అతకాలని అందరికీ చెప్పాను.

"జర వదులుంటేనే మంచిగుంటది గద మేడం" అంది సక్కుబాయి.

"చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది."

"చూసేటోళ్లు ఎవలు?"

"నేను చూస్తాను. డ్రాయింగులో ఎలా ఉందో అలాగే చెయ్యండి."

మర్నాటి నుంచి ఆమె అతికిన తీగలే అందరికంటే తిన్నగా ఉండేవి.

మే నెలలో జీపు వచ్చింది. పెట్టె తీసుకెళ్లడానికి కాదు, తిరిగి ఇవ్వడానికి. దానితోపాటు పరిశోధనశాల ఇన్‌స్పెక్టరు లింగమూర్తిగారు వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. నలభై చుట్టల్లో పదిహేడు పరీక్షలో పోయాయని, తీగ తెగి కరెంటు పారడం లేదని చెప్పారు.

"రావుగారూ, మళ్లీ నలభై చేసివ్వండి. ఈసారి కూడా ఇలాగే అయితే పని ఇంకొకరికి వెళ్తుంది. నా చేతుల్లో ఉండదు" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

సోమేశ్వరరావుగారు అద్దాల గదిలోకి వచ్చి అందరినీ నిలబెట్టారు. ఆయన కోపం పైకి కనిపించేది కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండేవారు, అంతే.

"ఎక్కడ పొరపాటు జరిగింది, వాసంతీ?" అని నన్ను అడిగారు.

"ఎండలు కదండీ, చేతులకు చెమట. చుట్టేటప్పుడే తీగ నలిగి ఉంటుందండి" అన్నాను. ఆ మాట అనేటప్పుడు ఆరుగురి చేతులూ నాకు ఎదురుగానే ఉన్నాయి. ఒకరిద్దరు తమ అరచేతులు చూసుకున్నారు.

సక్కుబాయి, "సార్, తెగినయి ఒకసారి నేను చూడొచ్చునా?" అంది.

మైక్రోస్కోపు నా బల్ల మీద ఉండేది. దానిలో చూడటం నా పని. అంతవరకు చుట్టేవాళ్లలో ఎవరూ అందులోకి చూడలేదు. ఆమెకు కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయని నవ్వింది. తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు. ఒకటి తీసి ఇంకొకటి, అది తీసి మరొకటి. పదిహేడూ చూసింది.

"అన్నీ ఒక్కకాడనే తెగినయి సార్. మేకు దగ్గర. తెగిన కొన సూది మొన లెక్క సన్నగయింది. నలిగి తెగితె గట్ల గాదు. గుంజితె తెగినయి."

"ఎవరు లాగుతారమ్మా? పెట్టెలో పెట్టి పంపాం కదా."

"అదే నేను అడిగేది సార్. ఇడికెల్లి పోయేటప్పుడు మంచిగనే ఉన్నయి. ఏడికి పోయినయో, ఆడ వాటిని ఏం జేసిండ్రో చెప్తెనే గాని ఎట్ల తెగినయో చెప్పరాదు."

సోమేశ్వరరావుగారు కళ్లజోడు పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. ఆమెను పనిలోంచి తీసేస్తారేమోనని మిగతావాళ్లు గుసగుసలాడుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన ఇంటి నుంచి ఒక పాత విదేశీ పత్రిక తెచ్చారు. నన్నూ సక్కుబాయినీ గదిలోకి పిలిచి తలుపు వేశారు. పత్రిక మధ్య రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. పొడుగాటి గొట్టంలాంటి దాన్ని పనసకాయను కోసినట్టు నిలువునా కోసి, లోపలివన్నీ రంగుల్లో చూపించారు.

"ఇది మనది కాదమ్మా. వేరే దేశానిది. అందరూ కొనుక్కునే పత్రికలో అచ్చయింది కాబట్టి చూపిస్తున్నాను. మనది ఎలా ఉంటుందో నేను చెప్పను. నువ్వు అడగకూడదు. సరేనా?"

"సరే సార్. ఇది రాకెటా?"

"క్షిపణి. విమానం రెక్క కింద వేలాడదీస్తారు. విమానం దూరంగా ఉండగానే వదిలేస్తే, ఇది తనంత తాను దారి చూసుకుంటూ వెళ్లి నేలమీద ఉన్నదాన్ని కొడుతుంది. వంతెనో, ట్యాంకో, ఏదైనా."

ఆమె పత్రికను దగ్గరికి లాక్కుంది. తర్వాత తోక నుంచి మొదలుపెట్టింది.

"ఈ రెక్కలు?"

"అవి చుక్కానిలాంటివి. కొంచెం తిప్పితే చాలు, మొత్తం పక్కకు తిరుగుతుంది. ఒక్కోదాని వెనక ఒక్కో చిన్న మోటారు."

"దాని ముందల ఈ పొడుగుది?"

"రాకెట్ మోటారు. ఇందులో మందు గట్టిగా కూరి ఉంటుంది. మండుతూ ముందుకు తోస్తుంది."

"ఇది?" బొమ్మలో పసుపు రంగు వేసిన భాగం మీద వేలు పెట్టింది.

"పేలేది అదే."

వేలు అక్కడ కాసేపు ఆగి, ముందుకు జరిగింది. "మరి మనది?"

ఆయన ముక్కు భాగం చూపించారు. ముందు గాజు బుడగ. దాని వెనక చిన్న అద్దం, అద్దం వెనక గిర్రున తిరిగే చక్రం.

"ఇది కన్ను. క్షిపణి ఎంత ఊగినా కన్ను మాత్రం చూస్తున్నచోటే చూడాలి. అందుకని దాన్ని బొంగరం మీద కూర్చోబెడతారు. తిరిగే బొంగరం పక్కకు ఒరగదు కదా. కానీ చూడాల్సిన వస్తువు జరిగితే కన్ను కూడా జరగాలి. అప్పుడు చుట్టూ ఉన్న చుట్టల్లో కరెంటు పంపి బొంగరాన్ని కొంచెం నెడతారు. ఆ చుట్టలు..."

"నాలుగు" అంది సక్కుబాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆమె వైపు చూశారు. "నీకెలా తెలుసు?"

"నాలుగు పెడితె గుండ్రం అయింది సార్. నడుమ ఏదో తిరుగుతదని అనుకున్న. బొంగరమని అనుకోలే."

ఆ గంటలో ఆయన ఎప్పుడూ లేనంతగా మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బాంబుకు రెక్కలు పెట్టి, తోకకు మంట కట్టి, విమానంలో కూర్చున్నవాడు ఆ మంటను చూసుకుంటూ రేడియోతో దాన్ని ఓడల మీదికి నడిపించిన సంగతి చెప్పారు. ఆ తర్వాత వచ్చిన కొన్నింటికి వెనక సన్నటి తీగ చుట్టి ఉండేదని, అది ఎగురుతుంటే తీగ విప్పుకుంటూ పోయేదని, ఆ తీగలోంచే ఎటు తిరగాలో చెప్పేవారని అన్నారు.

"కండె లెక్క" అంది సక్కుబాయి. ఆమె ముఖం వెలిగింది. "నాడెలకెల్లి పోగు పోయినట్టు. మరి తెగకపోతుండెనా?"

"ఒక్కోసారి తెగేది. తర్వాత ముక్కులోనే కెమెరా పెట్టారు. ఆ తర్వాత, ఎవరైనా దూరం నుంచి ఒక రకం వెలుతురును గురిమీద వేస్తే, ఆ మెరుపును వెతుక్కుంటూ వెళ్లే కన్ను వచ్చింది."

"ఎందుకు సార్ ఇంత పరేషాన్? ఉత్త బాంబు ఏస్తె కాదా?"

"ఉత్త బాంబులతో ఒక్క వంతెన కొట్టాలంటే వందలు వెయ్యాలి. చుట్టుపక్కల ఊళ్లు పోయేవి, వంతెన మిగిలేది."

ఆమె ఆలోచించింది. "మాదాపూర్ల బండలు పేలుస్తున్నరు గద సార్, బిల్డింగులకు. మా ఇంటాయన ఆడనే పనిచేస్తుండు. పేల్చే ముందల ఎర్ర బట్ట ఊపుతరు, ఈల గొట్టి కేకేస్తరు. అందరం దూరం ఉరుకుతం. దీనికి గట్ల ఎవలన్న కేకేస్తరా?"

సోమేశ్వరరావుగారు పత్రిక అంచును సరిచేశారు. "లేదమ్మా. కేక వెయ్యరు."

ఆమె బొమ్మలోని గాజు బుడగ మీద మళ్లీ వేలు పెట్టింది.

"అయితే కన్ను మంచిగ చూడాలె" అంది. "మన చుట్ట తెగితె?"

"కన్ను ఎటు చూస్తుందో ఎవరికీ తెలియదు. అది ఎక్కడ పడుతుందో కూడా."

"ఇగ చెప్పుండ్రి. తెగే ముందల దాన్ని ఏం జేసిండ్రు?"

ఆయన చెప్పారు. విమానం చాలా ఎత్తున ఎగురుతుంది. అక్కడ గడ్డకట్టే చలి. రెక్క కింద వేలాడేది గంటలతరబడి ఆ చలిలోనే ఉంటుంది. అందుకని పరిశోధనశాలలో ఒక చలి పెట్టెలో పెట్టి, సున్నాకు నలభై డిగ్రీల కిందికి దించి చూస్తారు. ఆ తర్వాత కుదిపే బల్ల మీద పెట్టి కుదుపుతారు.

ఆ ఆదివారం సక్కుబాయి మాదాపూర్ వెళ్లింది. ఏం జరిగిందో తర్వాత ఆమే నాకు చెప్పింది. అప్పటికి అక్కడ గుండ్రటి పెద్ద కట్టడం ఒకటి సగానికి పైగా లేచింది. దాని చుట్టూ బండలు, తుప్పలు, లారీల దుమ్ము. ఆ కట్టడానికి వెళ్లే దారి పొడవునా ఎల్లేశంవాళ్లు స్తంభాలు పాతి తీగలు లాగుతున్నారు. సద్దిడబ్బా ఇచ్చి ఆమె ఒక బండ నీడన కూర్చుని చూసింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ కిందికి జారి ఉంది.

"గంత వదులు ఎందుకిడిసిండ్రు? గట్టిగ గుంజరాదా?" అని భర్తను అడిగింది.

"ఎండకాలం కాబట్టి గట్ల జారుతది. ఇప్పుడే బిగ్గ గుంజి కడితె, చలికాలం తీగ దగ్గరికి గుంజుకుంటది. తెగన్న తెగుతది, స్తంభాన్నన్న వంచుతది. మా మేస్త్రి మొదటి దినమే చెప్పిండు" అన్నాడు ఎల్లేశం, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

సోమవారం పొద్దున ఆమె షెడ్డులోకి వస్తూనే నా బల్ల దగ్గరికి వచ్చింది. సార్ దగ్గరికి వెళ్లలేదు. ఎల్లేశం చెప్పింది చెప్పి, "మేడం, రాగి తీగ గూడ చలికి గుంజుకుంటదా?" అని అడిగింది.

గుంజుకుంటుంది. అది నేను డిప్లొమా మొదటి ఏడాదే చదువుకున్నాను. రాగి చలికి ముడుచుకుంటుంది. మా బాబిన్ పింగాణీది, అది అంతగా ముడుచుకోదు. తీగ రెండు కొనలూ కట్టేసి ఉన్నప్పుడు, మధ్యలో వదులు లేకపోతే, తెగడం తప్ప దానికి దారి లేదు. నేను రిజిస్టరు తీసి తేదీలు చూశాను. జనవరి వరకు చేసిన చుట్టల్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో నేను తిన్నగా లాగమన్నాను.

సక్కుబాయి నా ముఖమే చూస్తోంది. ఆమెకు తెలుసు. నేను ఆ మాట చెప్పినరోజు ఎదురుగా ఉన్నదే ఆమె. అయినా, "వదులు పెడదామని ఇద్దరం కలిసి సార్‌కు చెప్దామా?" అని మాత్రం అంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఒక్కదాన్నే లోపలికి వెళ్లి, "చెమట కాదండీ. నేను చెప్పిన మార్పు వల్లే తెగాయండి" అని రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. ఆయన తిడతారనుకున్నాను. తేదీల వరసను రెండుసార్లు చదివి, "ఈ సంగతి ఆ ఆరుగురికీ చెప్పావా?" అన్నారు.

"లేదండి."

"ముందు వెళ్లి వాళ్లకు చెప్పు."

చెప్పాను. నా జీవితంలో అంత కష్టమైన మాటలు అంతకుముందు మాట్లాడలేదు. నేను బయటికి వస్తుంటే సక్కుబాయి నీళ్ల గ్లాసు ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆమెను నేను అక్కా అనే పిలిచాను.

వదులు పెట్టాలి, సరే. ఎంత వదులు? అక్కడే మళ్లీ చిక్కు వచ్చింది; ఇంతకుముందు ఎవరి అంచనా వాళ్లది, కొలత అంటూ లేదు. ఎక్కువ వదిలితే కుదుపులకు తీగ ఊగి ఊగి విరుగుతుంది. మా దగ్గర చలి పెట్టె లేదు. సోమేశ్వరరావుగారు రెండు రోజులు ఆలోచించి, స్కూటరు మీద పశువుల దవాఖానకు వెళ్లారు. ఆవులకు ఎక్కించే ఎద్దు వీర్యాన్ని అక్కడ ద్రవ నైట్రోజన్ ఉన్న డబ్బాలో దాస్తారు. కాంపౌండరును బతిమాలి చిన్న డబ్బాడు అడిగి తెచ్చారు. మూత తీస్తే తెల్లటి పొగ నేలమీద పాకింది. చుట్టలను దారానికి కట్టి ఆ పొగలోకి దించాం. అది పరిశోధనశాల చలి కంటే చాలా ఎక్కువ చలి. తిన్నగా లాగినవి పది దించితే ఆరు తెగాయి. ఒక్కోటి తెగినప్పుడు తీగలో కరెంటును చూపించే మీటరు ముల్లు పడిపోయేది. సక్కుబాయి ఆ ముల్లునే చూస్తూ కూర్చునేది.

కుదుపులకు ఎల్లేశం పనిచేసే చోటి నుంచి ఆదివారాలు కాంక్రీటు కుదిపే యంత్రం తెచ్చుకున్నాం. మొదట మరీ వదులుగా వదిలినవి చలికి నిలిచి, కుదుపుకు పోయాయి. తీగను రెండుసార్లు మెలితిప్పి చూశాం. మెలిక దగ్గర తీగ మీది పూత ఊడింది. ఒకరోజు సక్కుబాయి బట్టలు కుట్టే సూదిని బాబిన్ పక్కన పెట్టి, తీగను దానిమీదుగా ఒక్క చుట్టు తిప్పి మేకుకు అతికి, సూదిని మెల్లగా లాగేసింది. చిన్న ఉంగరంలా వంపు మిగిలింది. దాని అడుగున ఒక చుక్క జిగురు వేసింది.

"గుంజుకుంటె ఈ ఉంగరం చిన్నగైతది. తీగకు దెబ్బ తగలది. కుదిపితె జిగురు పట్టుకుంటది" అంది.

మూడు లావుల సూదులతో చేసి చూశాం. నడిమి సూదితో చేసినవి ఇరవైకి ఇరవై నిలిచాయి. భూతద్దంలో ఆ ఉంగరం ఎంత అందంగా కనిపించిందో.

జులైలో లింగమూర్తిగారు నలభై చుట్టలు తీసుకెళ్లారు. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, నలభైకి నలభై నిలిచాయని చెప్పారు. తర్వాత ఆయనే వచ్చి ఆ ఉంగరం ఎవరి ఆలోచన అని అడిగారు. సోమేశ్వరరావుగారు అద్దాల గది తలుపు తీసి సక్కుబాయిని చూపించారు. ఆమె సూదితో చేసి చూపించింది. లింగమూర్తిగారు డ్రాయింగు తీసి, తిన్నని గీతను కొట్టేసి, పెన్సిలుతో అక్కడ చిన్న సున్నా చుట్టారు. కొత్త డ్రాయింగు అచ్చయి వచ్చినప్పుడు ఆ సున్నా అందులో ఉంది. పేరు మాత్రం ఎవరిదీ లేదు. డ్రాయింగులలో అలాంటివి రాయరు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో సరిహద్దులో యుద్ధం వచ్చింది. టీవీలో మంచుకొండల మీద విమానాలు చూపిస్తుంటే, ఆమె పక్కింట్లో కూర్చుని చూసి, పొద్దున్నే వచ్చి, "మనయి గిట్ల ఆడున్నయా సార్?" అని అడిగింది. మనవి ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయని, అలాంటివి తయారు కావడానికి ఏళ్లు పడుతుందని ఆయన చెప్పారు. ఆమె తల ఊపింది. ఆమెకు ఊరట కలిగిందో నిరాశ కలిగిందో నేను గుర్తుపట్టలేకపోయాను. ఆమెకే తెలియలేదేమో.

ఆ డిసెంబరులో పిల్లల కోసం ఒక సైన్సు ప్రదర్శన పెట్టారు. అందులో నిలువునా కోసిన నమూనా క్షిపణి ఉందని పేపర్లో వేశారు. నేనూ, సక్కుబాయి, ఎల్లేశం 218 బస్సెక్కి వెళ్లాం. నమూనా బల్లమీద పొడుగ్గా పడుకుని ఉంది. పక్కన నిలబడ్డ కుర్రాడు ఇంగ్లీషులో బట్టీపట్టిన నాలుగు వాక్యాలు చెబుతున్నాడు. ఎల్లేశానికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"దీన్ల మనిషి ఏడ కూసుంటడే?" అని భార్యను అడిగాడు.

"మనిషి ఉండడు. ఇగో, ఇది కన్ను" అని ఆమె మొదలుపెట్టింది. ముక్కు నుంచి తోక దాకా ఒక్కొక్కటి వేలుతో చూపిస్తూ చెప్పింది. వెనక నలుగురు చేరారు, తర్వాత పదిమంది. ఇంగ్లీషు కుర్రాడు కూడా ఆగి వినడం మొదలుపెట్టాడు. పేలే భాగం దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది గాని దాన్ని దాటవేయలేదు.

తలపాగా పెద్దాయన ఒకరు, "మరి ఇది తప్పు జాగల పడ్తదా అమ్మా?" అన్నాడు.

"కన్ను మంచిగుంటె చూపెట్టిన జాగల్నే పడ్తది తాతా. ఆ జాగ తప్పో ఒప్పో చూపెట్టినోనికే ఎర్క."

బయటికి వచ్చి పల్లీలు కొనుక్కుని తింటూ నడుస్తున్నాం. ఆమె వెనక్కి తిరిగి ప్రదర్శన వైపు చూసింది. ఆ పెద్దాయన ప్రశ్న ఆలోచిస్తోందేమో అనుకున్నాను.

"వాసంతి మేడం, ఆ బొంగరాన్ని ఎవలు చేస్తరు?" అంది.

సోమేశ్వరరావుగారికి ఆ మనిషి తెలుసు. బాలానగర్‌లో లోహం కోసే చిన్న లేత్ షెడ్డు నడిపే చంద్రయ్య. అప్పటికి లింగమూర్తిగారి అనుమతి కూడా సంపాదించి, ఒక శనివారం మమ్మల్ని తీసుకెళ్లారు. చంద్రయ్య యాభై దాటిన మనిషి. చేతుల నిండా నూనె మరకలు. ఎనిమిదేళ్లుగా ఆ చక్రాలు కోస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా తిప్పి పంపుతారని చెప్పాడు.

"ఇది దేంట్ల పెడ్తరో మీకెర్కనా?" అని సక్కుబాయి అడిగింది.

"ఏదో మిషన్ల అన్నరు. నేను అడగలే."

ఆమె సోమేశ్వరరావుగారి వైపు చూసింది. ఆయన అవునన్నట్టు తల ఊపారు. చంద్రయ్య గుడ్డతో తుడిచి ఒక చక్రాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. రూపాయి బిళ్లంత ఉంది. ఇరుసు రెండు కొనలనూ ఆమె వేళ్ల మధ్య పట్టించి, చక్రాన్ని గట్టిగా తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. ఆమె చేతిని అటూ ఇటూ వంచి చూసింది. చక్రం వంగనంది.

"నెడ్తున్నది నన్ను" అంది నవ్వుతూ. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, దాని చుట్టూ ఏముంటుందో చంద్రయ్యకు చెప్పడం మొదలుపెట్టింది.